న్యాయ సలహా: అద్దె ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది?

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం హైదరాబాదులోనూ చుట్టుపక్కల మున్సిపాలిటీల్లోనూ అద్దె ఇళ్లలో ఉంటున్నవారు రాసినవే. వాటిలో ఆరింటిని, ఒక ఇంటి యజమాని రాసిన మరో ఉత్తరాన్ని ఎంచుకుని, రాసినవారి ఆనవాళ్లు తెలియకుండా కుదించి ఇస్తున్నాం. సమాధానాలు తెలంగాణకు వర్తించే చట్టాల ప్రకారం రాసినవి. ఆంధ్రప్రదేశ్ తన అద్దె చట్టాన్ని కేంద్రం 2021లో ఆమోదించిన మాదిరి అద్దె చట్టం బాటలో మార్చుకుంది కాబట్టి, అక్కడి పాఠకులు గడువులు, అడ్వాన్సు పరిమితి వంటి విషయాలలో తమ రాష్ట్ర చట్టాన్నే చూసుకోవాలి.

ప్రశ్న: ఉప్పల్‌లో రెండు గదుల పోర్షన్‌లో నాలుగేళ్లుగా ఉంటున్నాం. మొదట 11 నెలలకు అగ్రిమెంటు రాసుకున్నాం. తర్వాత మళ్లీ రాసుకోలేదు గాని, ఏటా అద్దె పెంచి ఇస్తూనే ఉన్నాం. ఇప్పుడు ఓనరు గారు అబ్బాయి పెళ్లి కుదిరిందని, వారం రోజుల్లో ఖాళీ చేయాలని అంటున్నారు. అగ్రిమెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి మాకు ఏ హక్కూ లేదంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. ఏడాదికి మించిన కాలానికి ఇల్లు అద్దెకిస్తే ఆ పత్రాన్ని రిజిస్టరు చేయించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షను, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నాయి. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికే అందరూ 11 నెలలకు రాసుకుంటారు. ఆ గడువు ముగిశాక కూడా యజమాని అద్దె తీసుకుంటూ వస్తే, అదే చట్టం 116వ సెక్షను ప్రకారం మీ అద్దెదారు హోదా నెల నెలా కొనసాగుతున్నట్టే లెక్క. మీ బ్యాంకు ఖాతాలో ప్రతి నెలా ఆయనకు వెళ్లిన అద్దె పద్దు కనిపిస్తే చాలు, అది మీకు గట్టి సాక్ష్యం.

అలాంటి నెలవారీ అద్దెను ముగించాలంటే 106వ సెక్షను కింద యజమాని 15 రోజుల గడువుతో, సంతకం చేసిన నోటీసును రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటీసు మీకు అందిన రోజు నుంచే ఆ 15 రోజులూ మొదలవుతాయి. అగ్రిమెంటులో ఒక నెల అనో రెండు నెలలనో రాసుకుని ఉంటే ఆ గడువే చెల్లుతుంది. మెట్ల దగ్గర నిలబడి చెప్పిన మాట నోటీసు కాదు. గడువు ముగిసినా మీరు ఇల్లు వదలకపోతే ఆయన కోర్టులో దావా వేసి డిక్రీ (తీర్పు ఉత్తర్వు) తెచ్చుకోవలసిందే తప్ప, తాళం వేయడానికి గాని, సామాను బయట పెట్టడానికి గాని ఆయనకు అధికారం లేదు. స్థిరంగా స్వాధీనంలో ఉన్న మనిషిని చట్టప్రకారం తప్ప బలవంతంగా వెళ్లగొట్టరాదని రామేగౌడ కేసులో సుప్రీంకోర్టు 2003లో స్పష్టంగా చెప్పింది. ఒకవేళ అలా వెళ్లగొడితే, 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షను కింద ఆరు నెలల లోపల దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు.

అయితే ఇంకో సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. పాతకాలపు తక్కువ అద్దె ఇళ్లకు వర్తించే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కిందనైతే యజమాని రెంట్ కంట్రోలరు (ఆ చట్టం కింద అద్దె తగాదాలు విచారించే అధికారి) ముందు కారణం నిరూపించి తీరాలి. కాని 2005 సవరణ తర్వాత, అప్పటికే నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లు ఆ చట్టం పరిధి నుంచి తప్పుకున్నాయి. కొత్తగా కట్టిన భవనాలకూ తొలి 15 ఏళ్లు అది వర్తించదు. మీ ఇల్లు ఇలా ఆ చట్టం వర్తించని రెండు తరగతుల్లో దేనికి చెందినా, సక్రమంగా నోటీసు ఇస్తే ఆయన కారణం చూపనక్కర లేదు. పైగా పెళ్లి అవసరం అబద్ధమని మీరూ అనడం లేదు. రెండు నెలల గడువు కావాలని, ఫలానా తేదీకి తప్పక ఖాళీ చేస్తామని ఒక కాగితం మీద రాసి ఆయన సంతకం తీసుకోండి. పిల్లల బడి మధ్యలో ఇల్లు వెతుక్కునే కష్టం కోర్టు వరకూ వెళ్లకుండానే చాలా మటుకు తీరుతుంది.

ప్రశ్న: మల్కాజిగిరిలో ఉంటున్నాం. ఒక్కసారిగా మూడు వేలు పెంచమంటే ఒప్పుకోలేదు. అప్పటి నుంచి ఓనరు మోటారు వేయడం మానేశారు, రాత్రిపూట మా పోర్షన్ ఫ్యూజు తీసేస్తున్నారు. పెంచకపోతే ఈ నెల అద్దె కూడా తీసుకోనంటున్నారు. మేము అద్దె ఆపేయవచ్చా?

జవాబు: అద్దె మాత్రం ఆపకండి. ఒక నెల ఆపితే, అప్పటిదాకా ఆయన చేసిన తప్పు పక్కకు పోయి మీరు ఎగవేతదారుగా కనిపిస్తారు. పాత అద్దెనే, ఏ నెలకు చెల్లిస్తున్నారో రాసి, ఆయన ఖాతాకు పంపండి. తీసుకోకపోతే ఏ బ్యాంకు ఖాతాలో వేయాలో చెప్పమని ఉత్తరం రాయండి. 1960 చట్టం 8వ సెక్షను దీనికి ఒక పద్ధతి ఏర్పాటు చేసింది: 10 రోజుల్లో బ్యాంకు పేరు చెప్పమని రాతపూర్వకంగా అడగడం, చెప్పకపోతే మనీయార్డరు పంపడం, అదీ తిప్పికొడితే రెంట్ కంట్రోలరు దగ్గర జమ చేయడం. ఆ చట్టం పరిధిలో లేని ఇళ్లకు కూడా ఉత్తరం రాసి అడిగిన ఆధారం, తిరిగివచ్చిన కవరు కోర్టులో ఎంతో ఉపయోగపడతాయి.

నీళ్లు, కరెంటు విషయంలో మీ పక్షం బలమైనది. యజమాని అడ్డు లేకుండా ఇంటిని అనుభవించే హక్కును ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను అద్దెదారుకు ఇస్తుంది. విద్యుత్తు ప్రాథమిక సౌకర్యమని, యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు దాన్ని నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2022లో దిలీప్ కేసులో చెప్పింది. ఫ్యూజు తీసిన రాత్రుల తేదీలు, సమయాలు ఒక పుస్తకంలో రాయండి, ఖాళీగా ఉన్న ట్యాంకుకు ఫొటో తీయండి, స్థానిక పోలీస్‌స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోండి. ఆగకపోతే సివిల్ కోర్టులో తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు కోరవచ్చు. కోపంలో మీరే మీటరు బాక్సు తెరిచి తీగలు కలపకండి. అది ప్రమాదం, నేరం కూడా.

అద్దె పెంపు సంగతికి వస్తే, అగ్రిమెంటు గడువు నడుస్తుండగా అందులో లేని పెంపును ఒక్కరే నిర్ణయించలేరు. గడువు తీరాక మాత్రం ఆయన కొత్త అద్దె అడగవచ్చు, మీరు కాదనవచ్చు, అప్పుడు ఆయన నోటీసు ఇచ్చి ఖాళీ చేయించుకోవచ్చు.

ప్రశ్న: మా అత్తగారు ఆసుపత్రిలో కన్నుమూశారు. భౌతికకాయాన్ని ఇంటికి తెస్తున్నామని ఫోను చేస్తే, ఓనరు గేటుకు తాళం వేసుకుని, అద్దె ఇంట్లోకి శవాన్ని తేవడానికి వీల్లేదన్నారు. చేసేది లేక వీధి చివర టెంటు వేయించి అక్కడే ఉంచాం. స్నానం కూడా అక్కడే చేయించాం. పన్నెండేళ్లు ఆ ఇంట్లో ఆమె తులసికోటకు నీళ్లు పోశారు. ఓనరుకు అలా ఆపే హక్కు ఉందా? ఇప్పుడు మేము ఏమైనా చేయగలమా?

జవాబు: ఆయనకు ఆ హక్కు లేదు. ఈ మాటను ఎంత స్పష్టంగా వీలైతే అంత స్పష్టంగా రాయాలని ఉంది, ఎందుకంటే మన నగరాల్లో ఈ అన్యాయం ఇంకా మామూలు సంగతిలా సాగిపోతోంది.

అద్దెకివ్వడం అంటే ఆ ఇంటిని అనుభవించే హక్కును నిర్ణీత కాలానికి బదిలీ చేయడమని ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షను నిర్వచిస్తుంది. అద్దె సాగుతున్నంత కాలం ఆ ఇల్లు చట్టం దృష్టిలో మీ స్వాధీనంలో ఉన్న నివాసం. నివాసం అన్నాక అందులో పురుడు జరుగుతుంది, పెళ్లికూతురిని చేస్తారు, చావూ జరుగుతుంది. ఫలానా శుభం జరగవచ్చు, ఫలానా అశుభం జరగరాదు అని విడదీసే అధికారాన్ని ఏ చట్టమూ యజమానికి ఇవ్వలేదు. తన ఇంట్లోకి వెళ్లే హక్కున్న మనిషిని దారిలో అడ్డగించడం భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షను కింద నేరమవుతుంది.

యజమానుల భయం ఎక్కడి నుంచి వస్తుందో తెలియనిది కాదు. ధనిష్ఠా పంచకం వంటి నక్షత్రాల్లో మరణం సంభవిస్తే ఇల్లు కొన్ని నెలలు మూసిపెట్టాలన్న నమ్మకం మనలో చాలా కుటుంబాలకు ఉంది. ఆ నమ్మకం ఉన్న యజమాని తరువాత శాంతి చేయించుకోవచ్చు, ఆ ఖర్చు గురించి మీతో మాట్లాడవచ్చు. కాని తన నమ్మకం కోసం మరో కుటుంబాన్ని తల్లి పార్థివదేహంతో వీధిలో నిలబెట్టే అధికారం ఆయనకు దానివల్ల రాదు.

ఆ గంటలో కోర్టుకు వెళ్లేవారెవరూ ఉండరు కాబట్టి, చేయగలిగింది ఒకటే. దుఃఖంలో నేరుగా లేని బంధువో స్నేహితుడో ఒకరు బాధ్యత తీసుకుని 100కు ఫోను చేయాలి. ఆసుపత్రి ఇచ్చిన మరణ ధ్రువీకరణ కాగితం, అద్దె చెల్లిస్తున్న ఆధారం చేతిలో ఉంచుకోవాలి. అపార్ట్‌మెంటు అయితే అసోసియేషన్ వారిని కూడా పిలవాలి. పోలీసు వచ్చి నాలుగు మాటలు చెబితే చాలా గేట్లు తెరుచుకుంటాయి. మీ విషయంలో ఆ అవకాశం దాటిపోయింది. జరిగినదానిపై ఇప్పుడు కూడా ఫిర్యాదు చేయవచ్చు, మానసిక వేదనకు నష్టపరిహారం కోరుతూ సివిల్ దావా వేయవచ్చు, అయితే చుట్టుపక్కలవారు సాక్ష్యం చెప్పడానికి ముందుకు వస్తేనే అది నిలుస్తుంది. కర్మల పదకొండు రోజులూ కాకముందే ఖాళీ చేయమని ఒత్తిడి తెస్తే, మొదటి ప్రశ్నకు ఇచ్చిన సమాధానమే మీకూ వర్తిస్తుంది.

ఇల్లు వెతుక్కుంటున్న పాఠకులందరికీ ఒక సూచన. ఇంట్లో పెద్దవారు ఉంటే, అడ్వాన్సు ఇచ్చే ముందే ఈ మాట ఎత్తండి. అగ్రిమెంటులో ఇలా ఒక వాక్యం రాయించండి: "అద్దెదారు కుటుంబంలో ఎవరైనా మరణిస్తే భౌతికకాయాన్ని ఇంటికి తీసుకురావడానికి, కర్మలు జరుపుకోవడానికి యజమాని అభ్యంతరం చెప్పరాదు." అడగడానికి నోరు రాని సంగతే, అయినా అడగాలి. యజమాని ముఖం చిట్లిస్తే ఆ ఇల్లు మీకు ఎలాంటిదో ఆనాడే తెలిసిపోతుంది. ఇందుకు విరుద్ధమైన షరతును ముందే టైపు చేయించి తెస్తే, దాన్ని కొట్టివేయించిన తరువాతే సంతకం పెట్టండి. మీ వైపు నుంచి కూడా కొన్ని మర్యాదలు ఉన్నాయి: పక్క పోర్షన్లవారికి కబురు చెప్పడం, ఉమ్మడి దారిని మూసేయకుండా టెంటు వేయించుకోవడం, డాబా మీద హోమాగ్ని వెలిగించాలంటే అడిగి చేయడం, అంతా అయ్యాక మెట్లూ ఆవరణా కడిగించడం.

ప్రశ్న: స్నానాలగది పైకప్పు నుంచి నీరు కారుతోంది. ఆరు నెలలుగా చెబుతున్నా ఓనరు పట్టించుకోవడం లేదు. నేనే బాగుచేయించి అద్దెలో తగ్గించుకోవచ్చా?

జవాబు: యజమాని చేయించవలసిన మరమ్మతు అయి, మీరు తెలియజేశాక తగిన సమయంలో ఆయన చేయించకపోతే, మీరే చేయించుకుని ఆ ఖర్చును అద్దెలోంచి మినహాయించుకునే వీలు 108వ సెక్షనులో ఉంది. ఆయన కట్టవలసిన పన్ను కట్టక, ఇల్లు ఇబ్బందిలో పడి మీరు కడితే అదీ అంతే. చిక్కంతా ఏది ఎవరు చేయించాలన్న దగ్గర వస్తుంది. అగ్రిమెంటులో దాని గురించి ఏమని ఉందో ముందు చదవండి, ఎందుకంటే 108వ సెక్షనులోని చాలా నియమాలు ఒప్పందంలో వేరే మాట లేనప్పుడే వర్తిస్తాయి.

ఒప్పందం మౌనంగా ఉంటే, కేంద్రం రూపొందించిన మాదిరి అద్దె చట్టంలోని విభజనను చర్చకు ఆధారంగా పెట్టుకోవచ్చు. గోడలు, పైకప్పు వంటి నిర్మాణపు మరమ్మతులు, సున్నాలు, రంగులు, పైపులు, వైరింగు మార్చడం యజమానివి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, పగిలిన కిటికీ అద్దాలు, మురుగు గొట్టం శుభ్రం చేయించడం అద్దెదారువి. రాష్ట్ర శాసనసభ చట్టం చేస్తే తప్ప అది తప్పనిసరి కాదు గాని, పేచీ తీర్చుకోవడానికి న్యాయమైన కొలత. పైకప్పు కారడం ఈ లెక్కన యజమాని పనే. ఫొటోలతో సహా ఉత్తరం రాసి 15 రోజుల గడువు ఇవ్వండి, ఇద్దరు మేస్త్రీల చేత అంచనా రాయించి పంపండి, ఆ తరువాతే పని మొదలుపెట్టి, బిల్లుల నకళ్లతో అద్దె మినహాయించండి. పనిలో పనిగా టైల్స్ మార్పించి ఆ ఖర్చు కూడా కలపడం మాత్రం మీ వాదనను చెడగొడుతుంది.

ప్రశ్న: మూడేళ్లు ఉండి ఖాళీ చేశాం. నెలకు 18,000 చొప్పున రెండు నెలల అడ్వాన్సు 36,000 ఇచ్చాం. రంగులకని ఒక నెల అద్దె, శుభ్రం చేయించినందుకని మరో 4,000 కోసి, మిగిలింది వచ్చే నెల ఇస్తామన్నారు. ఇప్పటికి అయిదు నెలలు అయింది.

జవాబు: అద్దెదారు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి, కాని వాడుకలో సహజంగా వచ్చే అరుగుదల అతని తప్పు కాదని 108వ సెక్షనే చెబుతోంది. మూడేళ్లలో గోడ రంగు వెలవడం సహజమైన అరుగుదల. పిల్లలు స్కెచ్ పెన్నులతో గోడలంతా గీసి ఉంటే, ఏసీ కోసం గోడకు పెద్ద రంధ్రం చేసి వదిలేస్తే, సింకు పగిలితే, అది మీరు భరించవలసిన నష్టం. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగుకు పోతుందన్నది హైదరాబాదులో వాడుకగా మారిపోయింది. అగ్రిమెంటులో ఆ షరతు రాసి మీరు సంతకం చేసి ఉంటే కాదనడం కష్టం. రాసి లేకపోతే, రంగుల పని బిల్లు చూపించమని, మీవల్ల కలిగిన నష్టం ఏమిటో చెప్పమని అడిగే హక్కు మీకు ఉంది.

ముందుగా స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి: ఎంత ఇచ్చారు, తాళాలు ఏ తేదీన అప్పగించారు, ఎంత రావాలి, ఎన్ని రోజుల్లో కావాలి అన్నవి మాత్రమే రాయండి. అడ్వాన్సు రాబట్టుకునే దావాకు సాధారణంగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది కాబట్టి కంగారు పడనక్కర లేదు, అలాగని తాత్సారమూ వద్దు. ఇంత మొత్తానికి వకీలు ఫీజు పెట్టడం దండగ అనిపిస్తే, మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక అర్జీ ఇవ్వండి. వారు అవతలివారిని పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నిస్తారు, దానికి కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం కూడా ఆ సంస్థ ద్వారా దొరుకుతుంది.

ఇంకా ఖాళీ చేయనివారు తాళాలు ఇచ్చే రోజున గది గదికీ వీడియో తీసి, కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి, "తాళాలు అందినవి, బాకీ ఏమీ లేదు" అని ఒక ముక్క రాయించుకోవాలి. ఇంట్లో చేరిన రోజున కూడా ఇలాగే చేస్తే, అంతకుముందే ఉన్న పగుళ్లు మీ నెత్తిన పడవు.

ప్రశ్న: మేము ఇంట్లో లేనప్పుడు ఓనరమ్మ మారు తాళంచెవితో తీసి, కొత్తగా వచ్చేవారికి ఇల్లు చూపిస్తున్నారు. అడిగితే "ఇల్లు నాది" అంటున్నారు.

జవాబు: ఇల్లు ఆవిడదే, స్వాధీనం మీది. తగిన సమయంలో వచ్చి ఇంటి స్థితి చూసుకోవడానికి మీరు ఆవిడను అనుమతించాలి, అది మీ బాధ్యత. చెప్పకుండా తాళం తీయడం తగదు. మాదిరి అద్దె చట్టం 24 గంటల ముందు తెలియజేయాలని అంటుంది. ఆదివారం పది నుంచి పన్నెండు వరకు చూపించుకోండని మీరే ఒక వేళ చెప్పేయండి. తలుపు గడియకు మీ సొంత తాళం అమర్చుకుని, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దాన్ని తీసుకుపోవచ్చు.

ప్రశ్న: నేను ఇంటి యజమానిని, రిటైరయ్యాను. కింది పోర్షన్ అద్దె మీదే మా మందుల ఖర్చు గడుస్తుంది. అద్దెకున్న కుర్రవాడికి ఉద్యోగం పోయి మూడు నెలలుగా అద్దె ఇవ్వడం లేదు, ఫోను కూడా ఎత్తడం లేదు. తాళం వేయవచ్చా? పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందంటారు, అదీ భయంగా ఉంది.

జవాబు: ముందుగా ఆ భయం వదిలేయండి. అద్దెదారుగా ప్రవేశించినవారు మీ అనుమతితో ఉంటున్నవారు, అద్దె సాగుతుండగా మీ యాజమాన్యాన్ని కాదనే అవకాశాన్ని సాక్ష్య చట్టం వారికి ఇవ్వదు. ఎన్నేళ్లు అద్దెకున్నా ఆ కారణంగా ఇల్లు వారి సొంతం కాదు. అతను అద్దెదారు అని నిరూపించే అగ్రిమెంటు, రశీదులు మీకు కూడా రక్షణే.

తాళం మాత్రం వేయకండి. పైన అద్దెదారులకు చెప్పిన రక్షణలన్నీ అద్దె బాకీ పడినవారికి కూడా ఉంటాయి, మీరు తాళం వేస్తే బాకీ అతనిది, కేసు మీ మీద అవుతుంది. అడ్వాన్సులోంచి ఎంత మినహాయించుకున్నారో రాతలో తెలియజేసి, బాకీ చెల్లించమని, లేకపోతే 15 రోజుల్లో ఖాళీ చేయమని 106వ సెక్షను నోటీసు పంపండి. ఆ తరువాత ఖాళీ చేయించడానికి, బాకీ రాబట్టడానికి కలిపి ఒకే దావా వేయవచ్చు. అద్దె కట్టనందుకు ఒప్పందం రద్దయిందని దావా వేసినప్పుడు, విచారణలో బాకీని వడ్డీతో, ఖర్చులతో సహా చెల్లించే అద్దెదారుకు కోర్టు ఊరట ఇవ్వవచ్చునని 114వ సెక్షను చెబుతుంది. కాబట్టి బాకీ లెక్క నెలలవారీగా సిద్ధంగా ఉంచుకోండి.

అతనివంటి పాఠకులకు కూడా ఇదే చోట ఒక మాట. ఉద్యోగం పోవడం మీ తప్పు కాదు, ఫోను ఎత్తకపోవడం మీ తప్పే. అద్దె తేదీకి ముందే, ఎప్పటికి ఎంత ఇవ్వగలరో రాసి పంపండి, ఉన్నంతలో సగమైనా కట్టండి. ఇంటిని యజమాని అనుమతి లేకుండా స్నేహితులకు వాటాకిచ్చి అద్దె కూడగట్టాలని చూడకండి, 1960 చట్టంలో అది ఖాళీ చేయించడానికి చాలిన కారణం. అయిదు వేలు దాటిన మొత్తం నగదుగా ఇస్తే రూపాయి రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో రశీదు తీసుకోండి. ఇక యజమాని గారూ, అతను ఇంటికి వచ్చే వేళ చూసి, మీ ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని ఒకసారి ఎదురుగా మాట్లాడండి. అక్కడ కుదిరిన వాయిదాలను లోక్ అదాలత్‌లో రాజీగా నమోదు చేయిస్తే, అతను మళ్లీ తప్పినా మీరు కొత్తగా దావా వేయకుండా నేరుగా అమలు కోరవచ్చు.